చెవులపిల్లి జాడ: కొత్తగా నేర్చుకునేవాళ్లకు

(కడప జిల్లాలో పల్లె యువతీయువకుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక గోడకు ఆనుకుని నిలబడినవాళ్లు కాస్త ముందుకు వచ్చి కూర్చోండి నాయనా. ఈరోజు చెప్పేదాంట్లో నేల మీద గీసి చూపించాల్సినవి ఉన్నాయి, దూరం నుంచి కనపడవు.

కుందేలు వేట గురించి కొత్తవాళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పమని నన్ను అడిగారు. సంతోషంగా ఒప్పుకున్నాను. మా ఇంట్లో తాతల కాలం నుంచి వేట తెలిసినవాళ్లు ఉన్నారు. వాళ్ల వెనక నడిచి నేను నేల చూడటం నేర్చుకున్నాను. అయితే వేటలో రెండు పనులు ఉంటాయి. ఒకటి, చెవులపిల్లి, అంటే మన చేలల్లో తిరిగే అడవి కుందేలు, ఎక్కడుందో కనుక్కోవడం. రెండోది, దాన్ని చంపడం. కనుక్కోవడం రావాలంటే ఏళ్లు పడుతుంది. నేల తెలియాలి, గాలి తెలియాలి, ఏ గడ్డి ఏ నెలలో మొలుస్తుందో తెలియాలి, ఆ జంతువు ఎప్పుడు భయపడుతుందో ఎప్పుడు నిదానంగా ఉంటుందో తెలియాలి. చంపడానికి ఇవేవీ అక్కర్లేదు. మన పల్లెల్లో ఇప్పుడు కష్టమైన ఆ మొదటి విద్య పోతోంది. రెండో పని మాత్రం మిగిలింది. నేను మీకు మొదటిది నేర్పడానికి వచ్చాను. రెండోది నేర్పను.

ఎందుకు నేర్పనో ముందే చెప్పేస్తాను, మళ్లీ దాని దగ్గరికి రావలసిన పని ఉండదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చెవులపిల్లి రక్షిత జంతువు. మొదట్లో కొన్ని చిన్న జంతువులను లైసెన్సు తీసుకుని వేటాడే వీలు ఉండేది. 1991లో చట్టాన్ని సవరించి ఆ దారి మూసేశారు. 2022లో మళ్లీ సవరించి జంతువుల జాబితాలన్నీ మార్చారు, అప్పుడు కూడా చెవులపిల్లికి రక్షణ తీసేయలేదు. చట్టం లెక్కలో వేట అంటే చంపడం ఒక్కటే అనుకోకండి. ఉచ్చు పెట్టినా వేటే, వల పన్నినా వేటే, తరిమినా, ఎర వేసినా, పట్టుకున్నా వేటే. ప్రయత్నం చేసి దొరక్కపోయినా వేటే. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. వాడిన బండి, లైటు, వల కూడా స్వాధీనం చేసుకుంటారు. "మా చేనే కదా" అంటే కుదరదు. చేను మీది, అందులో తిరిగే చెవులపిల్లి మీది కాదు. కానిస్టేబుల్ ఉద్యోగానికి పొద్దున్నే లేచి పరుగు ప్రాక్టీస్ చేస్తున్న అబ్బాయిలు ఈ గదిలో ఉన్నారు. ఒక్క రాత్రి సరదాకు కేసు మీద పడితే ఆ ఉద్యోగం ఏమవుతుందో వాళ్లకే బాగా తెలుసు.

మీలో చాలామంది ఫోన్లో బయటి దేశాల వేట వీడియోలు చూస్తున్నారని విన్నాను. చూడండి, తప్పేం లేదు. కానీ ఏం చూస్తున్నారో తెలిసి చూడండి. అమెరికాలో ఎక్కువగా వేటాడేది కాటన్‌టెయిల్ అనే వేరే జాతి కుందేలును. బీగిల్ కుక్కలు వాసన పట్టి దాన్ని లేపుతాయి. ఆ కుందేలు తాను తిరిగే ఇలాకా వదిలి పోవడానికి ఇష్టపడదు. అందుకే పెద్ద చుట్టు తిరిగి, లేచిన చోటికి దగ్గరగానే మళ్లీ వస్తుంది. వేటగాడు కుక్కల వెనక పరుగెత్తడు, అక్కడే నిలబడి ఉంటాడు. దానికి సీజన్ ఉంది, లైసెన్సు ఉంది, రోజుకు ఇన్ని మించకూడదన్న లెక్క ఉంది. పొరపాటున ఒకరినొకరు కాల్చుకోకుండా మెరిసే నారింజ రంగు బట్టలు వేసుకుంటారు. ఆస్ట్రేలియా సంగతి ఇంకా వేరు. అక్కడ 1859లో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేట సరదా కోసం ఇంగ్లాండు నుంచి కుందేళ్లను తెప్పించి తన ఎస్టేటులో వదిలాడు. వాటిని అదుపు చేసే దిక్కులేక దేశమంతా పాకిపోయి పచ్చిక నేలలను బోడి చేశాయి. అందుకే అక్కడి ప్రభుత్వం వాటిని తగ్గించాలని చూస్తుంది.

మన చెవులపిల్లిని ఎవరూ ఓడలో తెచ్చి వదల్లేదు. ఈ రాళ్ల నేలలో, ఈ బోద గడ్డిలో పుట్టిన జంతువు అది. దాన్ని తిని బతికే గుంటనక్క, అడవిపిల్లి, పెద్ద గద్దలు, కొండచిలువ ఇక్కడే ఉన్నాయి. తోడేలు కూడా ఉంది, మన మెట్ట నేలల్లో ఇంకా అక్కడక్కడా మిగిలింది. వాటికి వేరే అంగడి లేదు. చెవులపిల్లి తగ్గితే తోడేలు మీ గొర్రెల మంద వైపు చూస్తుంది. గొర్రెలు కాచేవాళ్లు ఈ మాట ఒప్పుకుంటారు.

ఇంతకూ జంతువును సరిగ్గా గుర్తుపట్టాలి. ఫారాల్లో పెంచే తెల్ల కుందేలు, మన చేలల్లో ఉండే చెవులపిల్లి, రెండూ వేర్వేరు. తెల్లది యూరప్ నుంచి వచ్చింది. అది బొరియ తవ్వుతుంది, దాని పిల్లలు వెంట్రుకలు లేకుండా కళ్లు మూసుకుని పుడతాయి. మన చెవులపిల్లి బొరియ తవ్వదు. దాని పిల్లలు ఒంటి నిండా వెంట్రుకలతో, కళ్లు తెరిచి పుడతాయి. పుట్టిన కొద్దిసేపటికే కదలగలవు. రెండింటికీ జత కుదరదు, క్రోమోజోముల లెక్కే వేరు: దానికి 44, దీనికి 48. మాంసం తినాలనుకునేవాళ్లకు ఫారం కుందేలు ఉంది. దాన్ని పెంచుకోవచ్చు. ఈ ముక్క ఎందుకు చెప్తున్నానంటే, తినాలన్న కోరికకు దారి ఉంది కాబట్టి, చెవులపిల్లిని చంపడానికి ఆకలి అనే కారణం మిగలదు.

శాస్త్రజ్ఞులు మన జంతువును లీపస్ నైగ్రికోలిస్ అంటారు. మెడ వెనక నల్లని మచ్చ ఉంటుంది. తోక పైభాగం నలుపు, అడుగు తెలుపు. పారిపోయేటప్పుడు మీకు కనపడేది ఆ తోకే. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి వెనక నుంచి వచ్చేవాణ్ని కూడా చూస్తుంది. సరిగ్గా ముక్కు ముందర మాత్రం చూపు తక్కువ. వెనక కాళ్లు పొడుగు, అందుకే గుట్ట ఎక్కేటప్పుడు దాన్ని కుక్క అందుకోలేదు. తరిమితే ఎత్తుకే పోవాలని చూస్తుంది.

పగలంతా ఎక్కడుంటుంది? పడకలో. గడ్డి దుబ్బు పక్కనో, రేగు పొద కిందనో, దున్నిన చేనులో పెద్ద మట్టిగడ్డ చాటునో నేలను కొంచెం తొలిచి, ఒళ్లు ఇమిడేంత గుంట చేసుకుంటుంది. వెనక భాగం లోతుగా, ముందు భాగం పైకి ఉంటుంది, ఎందుకంటే బలమంతా వెనక కాళ్లలో ఉంది, అక్కడి నుంచే ఎగరాలి. చెవులు వీపు మీద పరిచి పడుకుంటుంది. మీరు నాలుగడుగుల దూరంలో నడిచినా కదలదు. ఇక్కడ పాత వేటగాళ్లకు తెలిసిన ఒక సంగతి చెప్తాను. మీరు ఒకే తీరుగా నడుస్తూ పోతే అది అలాగే కూర్చుంటుంది. మీరు ఆగితే లేస్తుంది. ఆగడం అంటే నన్ను చూశాడని దానికి అర్థం. కాబట్టి పడక కనపడితే ఆగకండి, తేరిపార చూడకండి. నడక మార్చకుండా పక్కగా దాటిపోండి. చాలా దూరం పోయాక వెనక్కి తిరిగి చూసుకోవచ్చు. వేసవిలో దాన్ని పగటి ఎండలో పడక నుంచి లేపితే అది పరుగెత్తి పరుగెత్తి అలిసిపోతుంది. మీరు చంపకపోయినా, ఆ ఎండ ఎంత పని చేస్తుందో ఆలోచించండి.

ఇప్పుడు జాడల దగ్గరికి వద్దాం. మొదట పెంటికలు. ఇవి అందరికీ దొరుకుతాయి, కాబట్టి ఇక్కడ మొదలుపెట్టండి. మేక పెంటిక నల్లగా, నున్నగా, కొంచెం కోలగా ఉంటుంది. చెవులపిల్లిది గుండ్రంగా, కొద్దిగా అణిగినట్టు, ఎండుగడ్డి రంగులో ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా రాలి లోపల గడ్డి పీచు కనపడుతుంది. కృష్ణజింకది ఒక కొనన మొనదేలి ఉంటుంది, పైగా ఒకే చోట కుప్పగా వేస్తుంది. చెవులపిల్లి మేసిన చోటల్లా కొన్ని కొన్ని రాలుస్తూ పోతుంది. కొత్తవి ముదురు రంగులో కొంచెం చెమ్మగా ఉంటాయి, ఎండకు రోజులు గడిచేకొద్దీ పాలిపోయి బూడిద రంగుకు తిరుగుతాయి. మెత్తగా ఉండే ఇంకోరకం కూడా ఉంది, అది మీకు దొరకదు. దాన్ని విసర్జించగానే జంతువే తినేస్తుంది. గడ్డిలోని సారం ఒక్కసారికి పూర్తిగా అందదు, రెండోసారి కడుపులోకి పంపి అందుకుంటుంది. ఆవు నెమరు వేసి చేసే పనినే ఇది ఇలా చేస్తుంది.

తర్వాత కొరుకు. రైతు పిల్లలు దీన్ని బాగా పట్టుకోవాలి. ఆవుకు, మేకకు, జింకకు పైదవడ ముందు పళ్లు ఉండవు. అవి మొక్కను నాలుకతో, కింది పళ్లతో పట్టి గుంజుతాయి. అందుకే మొక్క కొన పీచులు పీచులుగా చిరిగి ఉంటుంది. చెవులపిల్లికి పైనా కిందా ఉలి అంచు పళ్లు ఉన్నాయి, అవి బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. అది కొరికిన కొమ్మ బ్లేడుతో కోసినట్టు ఏటవాలుగా తెగి ఉంటుంది. చెనిక్కాయ మొలకలో గానీ కంది మొలకలో గానీ కొన అలా తెగి, చుట్టూ గుండ్రటి పెంటికలు ఉంటే అది చెవులపిల్లి పని. మొక్క కుదుళ్లతో సహా పెల్లగించి నేల తవ్వి ఉంటే అడవిపంది. వరుసగా చాలా దూరం కొనలు చిరిగి ఉంటే జింకలు. నేను చూసినంతవరకు పంది చేసిన నష్టాన్ని చెవులపిల్లి మీద వేయడం మామూలైపోయింది, ఎందుకంటే పందిని పట్టలేరు, చెవులపిల్లిని పట్టగలరు.

ఇక అడుగులు. నేల మీద గీస్తాను చూడండి. చెవులపిల్లి గెంతుతూ పోతుంది. ముందు కాళ్లు ఒకదాని వెనక ఒకటి ఆనుతాయి. వెనక కాళ్లు రెండూ వాటిని దాటి ముందుకు వచ్చి పక్కపక్కన పడతాయి. కాబట్టి జాడలో ముందు కనపడే జత వెనక కాళ్లది, వెనక కనపడే రెండు చుక్కలు ముందు కాళ్లవి. కొత్తవాళ్లు దీన్ని తిరగేసి చదివి, అది వచ్చిన దిక్కుకే నడుచుకుంటూ పోతారు. ముందు కాళ్ల గుర్తులు దగ్గరగా పడితే రెండూ ఒకటిగా కలిసిపోయి మొత్తం మూడే కనపడతాయి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నవాడు ఇసుక మీద జాడ చూసి అన్నాడేమో అని నాకు అనిపిస్తుంది.

అరికాలి నిండా వెంట్రుకలు ఉంటాయి, కుక్కకు ఉన్నట్టు మెత్తలు ఉండవు. అందుకే అడుగు అంచులు స్పష్టంగా రావు, గోటి గుర్తులు మాత్రం వంక ఇసుకలో, వాన పదునున్న ఎర్రమట్టిలో బాగా పడతాయి. నిదానంగా మేస్తున్నప్పుడు ఒక గుంపు గుర్తులకూ ఇంకో గుంపుకూ మధ్య దూరం తక్కువ. ఆ దూరం ఉన్నట్టుండి పెరిగితే ఏదో భయపెట్టింది. అక్కడ నిలబడి చుట్టూ వెతకండి. గుంటనక్క అడుగు ఎక్కడో ఉంటుంది, నాలుగు వేళ్లు, గోళ్లు కనపడతాయి. గోళ్లు కనపడకుండా గుండ్రంగా ఉంటే అడవిపిల్లి. రాత్రి ఏం జరిగిందో మీకు అక్కడే తెలిసిపోతుంది.

జాడ చూడాల్సిన వేళ ఉంది. పొద్దు పొడిచాక గంటసేపు, పొద్దు గుంకే ముందు గంటసేపు. వెలుతురు ఏటవాలుగా పడి అడుగు గుంటలో నీడ నిలుస్తుంది. జాడకు ఒక పక్క మీరు, ఇంకో పక్క సూర్యుడు ఉండేటట్టు నిలబడండి. వెలుతురు వీపు వెనక ఉంటే అదే అడుగు కనపడకుండా పోతుంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఎంత అనుభవం ఉన్నవాడైనా తడబడతాడు. పాతదా కొత్తదా అంటే, అంచులు చూడండి. గాలికి అంచు ఇసుక రాలి గుంటలో పడిందా? అడుగు మీద నుంచి పురుగు నడిచిన గీత ఉందా? రాత్రి తిరిగే పురుగు గీత అడుగు పైన ఉంటే అడుగు ముందు పడింది, పురుగు తర్వాత నడిచింది. అడుగు కింద నలిగి ఉంటే చెవులపిల్లే తర్వాత వచ్చింది. నిన్న రాత్రి ఎప్పుడు చినుకులు పడ్డాయో మీకు గుర్తుంటే, అడుగులో చినుకు గుంటలు ఉన్నాయా లేవా అన్నది గడియారం చూపించినంత కచ్చితంగా చెప్తుంది.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది, చెప్తుంటే ఇప్పటికీ సంతోషం కలిగించేది ఒకటి ఉంది. తెల్లవారుజామున మేత ముగించి పడకకు పోయేటప్పుడు చెవులపిల్లి తిన్నగా పోదు. కొంతదూరం పోయి, తన అడుగుల మీదే వెనక్కి వస్తుంది. వచ్చి, ఒక్కసారిగా పక్కకు పెద్ద గెంతు వేస్తుంది. మళ్లీ కొంత పోయి మళ్లీ అలాగే చేస్తుంది. వాసన పట్టి వచ్చే నక్క ఆ జాడ చివరిదాకా పోయి, అక్కడ ఏమీ లేక తిరుగుతుంది. మనిషీ అంతే. జాడ ఉన్నట్టుండి గాలిలో కలిసిపోయినట్టు ఆగిపోతుంది. అప్పుడు తెలిసినవాడు ముందుకు వెతకడు. వచ్చిన దారిలోనే వెనక్కి వచ్చి, రెండు పక్కలా ఒక గెంతు దూరంలో చూస్తాడు. అక్కడ నాలుగు అడుగులూ లోతుగా ఒకేచోట దిగబడిన గుర్తు ఉంటుంది. అది దొరికితే పడక దగ్గర్లోనే ఉందని అర్థం. అక్కడితో ఆగిపోండి. పడక దాకా పోకుండా అది ఎక్కడుందో చెప్పగలిగితే మీకు విద్య వచ్చినట్టే.

ఇది ఎందుకు అంత విలువైనది అని అడిగేవాళ్లకు మన జిల్లా సంగతే చెప్తాను. కలివికోడి పేరు మీరంతా విన్నారు. 1848లో శాస్త్రజ్ఞులు మొదటిసారి రాసిపెట్టుకున్న పక్షి. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. ఎన్నో ఏళ్లు గొప్పగొప్పవాళ్లు వెతికారు. 1986 జనవరిలో సిద్దవటం దగ్గర రెడ్డిపల్లె పరిసరాల్లో ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున అక్కడ వెతుకుతున్న భరత్ భూషణ్ అది కలివికోడేనని నిర్ధారించాడు. పక్షుల శాస్త్రజ్ఞుల్లో పెద్దాయన సలీం అలీ ముసలి వయసులో కూడా చూడటానికి వచ్చాడు. ఆ పక్షి కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఆ తర్వాత దాన్ని వెతకడానికి పరిశోధకులు ఏం చేశారో తెలుసా? పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, రాత్రి గడిచాక వాటి మీద పడ్డ అడుగులు చదివారు. అంటే వంక ఇసుకలో మన తాతలు చేసిన పనినే చేశారు. ఆ విద్య ఈ నేల వాళ్ల దగ్గర ఉంది కాబట్టే ప్రపంచం చనిపోయిందనుకున్న పక్షి మనకు దొరికింది.

ఇప్పుడు రాత్రివేళ జరుగుతున్నది చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. తలకు చార్జింగ్ లైటు కట్టుకుని బండి మీద పోతారు. కళ్లలో వెలుగు పడితే చెవులపిల్లి దిక్కుతోచక అలాగే నిలబడిపోతుంది. అక్కడే కొడతారు. దీంట్లో నేర్పు లేదు. చూలుతో ఉన్నదో, పిల్లకు పాలిచ్చేదో చూసేవాడు లేడు. బండి క్లచ్ వైరుతో చేసిన ఉచ్చులు ఇంకా ఘోరం. ఉచ్చు పెట్టినవాడు ఇంటికి పోయి పడుకుంటాడు, మెడకో కాలికో వైరు బిగిసిన జంతువు తెల్లవార్లూ గుంజుకుంటుంది. అందులో పడేది చెవులపిల్లి ఒక్కటే అనుకుంటున్నారా? నెమలి పడుతుంది, గుంటనక్క పడుతుంది, పక్కింటివాళ్ల మేకపిల్ల పడుతుంది. చేను చుట్టూ కరెంటు తీగ లాగేవాళ్లు మనుషులనే చంపుతున్నారు. రాత్రి నీళ్లు కట్టడానికి పోయిన రైతు ఆ తీగ తగిలి పోతే ఎవరు జవాబు చెప్తారు? మీ ఊళ్లో అలాంటి తీగ కనపడితే దగ్గరికి పోవద్దు. వెంటనే కరెంటు ఆఫీసుకు, పోలీసులకు చెప్పండి. ఉచ్చులు కనపడితే ఫోటో తీసి అటవీశాఖకు ఇవ్వండి.

పండగ వేట మన సంప్రదాయం కదా అనే పెద్దలకు ఒక మాట. అహోబిలం నరసింహస్వామి పారువేట చూడండి. కనుమ నాడు మొదలవుతుంది. చెంచులు పల్లకి వైపు బాణాలు వేసి స్వామిని సాగనంపుతారు. అక్కడి నుంచి నలభై రోజులకు పైగా స్వామి ఊరూరా తిరుగుతాడు. ప్రతి ఊళ్లో ఆయన కోసం అరుగు ఉంది, జనం ఉన్నారు, జాతర ఉంది. పేరుకు వేటే, జరిగేది ఊళ్లను పలకరించడం. మన ఊళ్లో పండగకు యువకులంతా కలిసి గుట్ట ఎక్కండి, ఎవరు ఎక్కువ జాడలు చదివారో పెద్దవాళ్ల ముందర చెప్పండి. వేటలో మనుషులకు నిజంగా నచ్చేది ఆ కలిసి తిరగడం, ఆ చీకటిపూట బయల్దేరడం. అది అలాగే ఉంచుకోవచ్చు.

మొలకలు పోతున్నాయని బాధపడే రైతులకు కూడా చెప్పాలి. నారుమడి గానీ కూరగాయల మడి గానీ అయితే రెండడుగుల ఎత్తు కోళ్ల జాలీ చాలు, కింది అంచును బయటివైపు వంచి మట్టిలో కప్పాలి. పెద్ద చేనుకు అది ఖర్చు. మొక్క లేతగా ఉన్న మొదటి వారాలే ప్రమాదం, ఆ కొద్దిరోజులు గట్టు పక్క సాళ్ల వెంబడి పాత చీరలు కట్టి, సాయంత్రం ఒకసారి తిరిగి వస్తే చాలావరకు తగ్గుతుంది.

ఇక మీరు మొదలుపెట్టే పని. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా పోవద్దు, అవసరం కూడా లేదు. మీ చేని గట్టు, ఊరి చెరువు వెనక బీడు, వంక ఇసుక చాలు. సాయంత్రం బండిబాటకు అడ్డంగా ఒక బారెడు మేర కంపతో ఊడ్చి నున్నగా చేసి రండి. పొద్దున్నే పోయి ఏమేం దాటాయో చూడండి. ఫోటో తీసేటప్పుడు పక్కన ఐదు రూపాయల బిళ్ల పెట్టండి, కొలత తెలుస్తుంది. కాళ్లకు బూట్లు వేసుకోండి, పొదల్లో చేతులు పెట్టకండి. రక్తపింజరి కూడా చెవులపిల్లి లాగే కదలకుండా పడి ఉంటుంది. కుక్కలను వెంట తీసుకుపోవద్దు. ఇంకొక ముఖ్యమైన మాట: మీరు చూసిన పడక ఎక్కడుందో వాట్సాప్‌లో పెట్టకండి. అది ఎవరి ఫోనుకు చేరుతుందో మీ చేతిలో ఉండదు.

ఎవరో చెయ్యి ఎత్తారు, చెప్పమ్మా. చెనిక్కాయ పీకేటప్పుడు చేనులో చెవులపిల్లి పిల్ల దొరికితే ఏం చెయ్యాలి, తల్లి చుట్టుపక్కల లేదు, అంటున్నావు. మంచి ప్రశ్న, ఇది చాలామందికి ఎదురయ్యేదే. తల్లి వదిలేసిపోలేదమ్మా. పిల్లల దగ్గర తానుంటే నక్కకు వాసన తెలుస్తుందని అది పగలంతా దూరంగా ఉంటుంది. చీకటి పడ్డాక వచ్చి పాలిచ్చి పోతుంది. కాబట్టి ఇంటికి తెచ్చుకోవద్దు. ఆవు పాలు పట్టినా అది బతకదు, పైగా తెచ్చి పెంచడం కూడా చట్టం ప్రకారం నేరమే. దాని చుట్టూ రెండు మూడు సాళ్లు పీక్కుండా వదిలి, అక్కడ ఒక కట్టె గుచ్చి, కుక్కలను కట్టేసి, మిగతా చేను పని చేసుకోండి. ట్రాక్టరు వస్తుంటే మాత్రం చేతికి గడ్డి చుట్టుకుని ఎత్తి, కొద్ది అడుగుల దూరంలో గట్టు పొద నీడన పెట్టండి. దూరం తీసుకుపోవద్దు, తల్లి ఆ చుట్టుపక్కలే వెతుక్కుంటుంది. గాయమైతే అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేయండి. వదిలిన ఆ సాళ్ల కాయలు మర్నాడు పీక్కోవచ్చు.